ఖాళీ గోల్‌లో రెండు దెబ్బలు

హాకీలో గోల్‌కీపర్ వెనక్కి తిరిగి చూడకూడదు. నాకు పదమూడేళ్లప్పుడు, సరూర్‌నగర్ వైపు ఒక స్కూలు గ్రౌండులో మా సార్ చెప్పిన మొదటి మాట అదే. "వెన్కకు చూసినవంటే బంతి లోపల పడ్డట్టే. కర్రతోని ఎడమ పోస్ట్‌ను ఒకపారి కొట్టు, కుడి పోస్ట్‌ను ఒకపారి కొట్టు. నువ్వు యాడున్నవో చెవులకు ఎరుకైతది." టక్. టక్. అంతే, ఇక కళ్లు ముందుకే. ఇప్పటికీ బస్టాపులో ఎవరైనా వెనక నుంచి పిలిస్తే నేను తిరగను. పొగరనుకుంటారు. అనుకోనీ.

అప్పట్లో మా జట్టుకు ఇద్దరం కీపర్లం, సామాను మాత్రం ఒక్క జతే. నాకంటే నాలుగేళ్లు పెద్దది, నేను అక్కా అని పిలిచే అమ్మాయి అసలు కీపరు. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. ఆమెకు వీలుకానప్పుడు నేను. "ఎడమకు జరుగే! నిద్రపోతున్నవా?" అని ఆమె అరిస్తే గోడ అవతల ఆటోవాళ్లు కూడా జరిగేవాళ్లు. అంత గొంతు.

మెడకు చుట్టుకునే నెక్ గార్డ్ మా ఇద్దరి చెమటా పీల్చి కంపు కొట్టేది. వారానికొకరం ఇంటికి తీసుకెళ్లి ఉతికి తేవాలని మా ఒప్పందం. ఆ వారం వంతు నాది. మా అమ్మ గుంటూరు మనిషి. "ఆ దరిద్రం నా ఇంట్లోకి తెచ్చావంటే నువ్వు కూడా బయటే పడుకో" అంది. మన్సూరాబాద్‌లో మా డాబా మీద తీగకు ఆరేశాను. పొద్దున్నే అక్క స్కూటీ మీద వచ్చి హారన్ కొడితే పరుగున దిగాను. నెక్ గార్డ్ తీగ మీదే ఉండిపోయింది.

గ్రౌండుకు వెళ్లాక, నెక్ గార్డ్ తెచ్చావా అని సార్ అడిగాడు. సామాను మరిచిపోయిన పిల్లను ఆయన జట్టులోంచి తీసేసేవాడు. "బ్యాగులో ఉంది సార్" అన్నాను. అక్క నా వంక ఒక్క క్షణం చూసింది. బ్యాగులో కాసేపు చెయ్యి తిప్పి, హెల్మెట్ పెట్టుకుని గోల్‌లోకి నడిచింది. టక్. టక్. ఆమె మెడ బోసిగా ఉండడం నేను చూశాను. నోరు విప్పలేదు.

మూడో బంతో నాలుగో బంతో పైకి లేచి సూటిగా ఆమె గొంతుకు తగిలింది. దవాఖానలో ప్రాణం నిలబెట్టారు. గొంతు నిలబడలేదు. ఆ రోజు నుంచి ఆమెకు గుసగుస ఒక్కటే మిగిలింది.

గోల్‌లో ఆమె చోటు నాకొచ్చింది. దాంతోనే కాలేజీ సీటు, పెద్ద టోర్నమెంట్లు, చివరికి ఎల్బీనగర్ దగ్గర ఆడపిల్లలకు ఆట నేర్పే ఈ ఉద్యోగం. అక్క పెళ్లికి వెళ్లి అక్షింతలు వేసి వచ్చాను. అప్పుడు కూడా నిజం చెప్పలేకపోయాను. నా మీద నాకే అసహ్యం వేసేది.

కోచ్‌నైన మొదటి చలికాలంలో ఆ దెబ్బలు మొదలయ్యాయి. తెల్లవారుజామున మంచులో పిల్లల్ని ఒక గోల్ దగ్గర ఆడిస్తూ, అవతలి ఖాళీ గోల్‌కు వీపు పెట్టి నిలబడేదాన్ని. వెనక నుంచి ఇనుము మీద కర్ర తగిలిన చప్పుడు. ముందు ఎడమ, తర్వాత కుడి. హైవే మీద లారీలనుకున్నాను, మెట్రో అనుకున్నాను. కానీ లారీలు ఎడమా కుడీ లెక్కగా కొట్టవు కదా. ఒక్కసారి తిరిగి చూస్తే తేలిపోయేది. నేను చూడలేదు. అలవాటు లేదని సర్దిచెప్పుకున్నాను కానీ, అది ఉత్త భయం.

రోజూ కీపర్ పిల్ల మెడను వేళ్లతో తడిమి చూశాకే ఆట మొదలుపెట్టేదాన్ని. "మేడం పొద్దుపొద్దున్నే గొంతు పిసుకుతది" అని నవ్వుకునేవాళ్లు. మొన్న జనవరిలో ఒకరోజు ట్రాఫిక్‌లో ఇరుక్కుని చిరాకుగా వచ్చి, కీపర్ మెడ చూడకుండానే విజిల్ ఊదాను. మొదటి పిల్ల బంతి కొట్టబోతోంది. వెనక టక్, టక్. అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు. నా చెయ్యి దానంతటదే లేచింది. ఆట ఆగింది.

గోల్‌లో ఉన్న పిల్ల మెడ బోసిగా ఉంది.

"నెక్ గార్డ్ ఏది?"

"బ్యాగుల ఉన్నది మేడం."

బ్యాగు బోర్లించాను. లేదు. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. "ఉతికి ఆరేసిన మేడం. తెచ్చుడు మర్చిన." ఆ పూటకు అందరినీ ఇళ్లకు పంపేశాను.

అక్క ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో, హాస్టళ్ల సందులో కిరాయికి ఉంటుంది. ఆ సాయంత్రమే వెళ్లాను. చాయ్ చేతిలో పెట్టి నా ఎదురుగా కూర్చుంది. తీగ మీద వదిలేయడం, అబద్ధమాడడం, అన్నీ చెప్పేశాను. ఆమె ముందుకు వంగింది. ఆమె మాట వినాలంటే అంత దగ్గరుండాలి.

"నాకెరుకే. హారన్ కొట్టినప్పుడు మీ డాబా దిక్కు చూసిన. తీగకు ఏలాడుతుండె."

"మరి అడగలేదేం అక్కా?"

"నువ్వే చెప్తవని చూసిన. సార్ ముంగట బ్యాగుల ఉన్నదంటివి. లేదని నేనంటే నిన్ను తీసేస్తుండె. ఒక్క పూట లేకుంటేమాయె అనుకున్న."

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. కాసేపటికి కళ్లు తుడుచుకుని, మా గ్రౌండుకు ఎప్పుడైనా వచ్చావా అని అడిగాను. లేదని తల ఊపింది. "జర ఉండు, నీళ్లిస్త" అంటూ లేచి నా వెనక్కి నడిచింది.

టక్. టక్.

ఇన్నేళ్లలో మొదటిసారి వెనక్కి తిరిగి చూశాను. గుమ్మం మధ్యలో అక్క నిలబడి ఉంది. చేతిలో, గుమ్మానికి అటూ ఇటూ కొట్టిన గరిట. మోకాళ్లు కొంచెం వంగి ఉన్నాయి. లోపలి నుంచి ఆమె కూతురు నీళ్ల చెంబుతో పరుగెత్తుకొస్తోంది.

"నోరు లేదు గదా" అంది అక్క. "బిడ్డను గిట్లనే పిలుస్త."

గోల్‌లో ఆమె చోటు నేను తీసుకున్నానని ఇన్నాళ్లూ కుమిలిపోయాను. ఆమె అక్కణ్ణించి కదలనే లేదు.