రాక్షసుల మీద మనుషుల జట్టు

మంగళగిరి మెయిన్ బజారులో శ్రీమన్నారాయణ చీరల కొట్టు తెలియనివాళ్ళు తక్కువ. చీరలు మంచివే, కానీ కొట్టుకి పేరొచ్చింది మాత్రం అతని నోటి వల్ల. "ఈ రంగు దిగుతుందేమో" అని ఎవరైనా అనుమానపడితే చాలు, "దిగితే నా పేరు మార్చుకుంటానమ్మా" అని మొదలుపెట్టి, ఆవిడ చెప్పులు వేసుకుని మెట్లు దిగేదాకా వదిలేవాడు కాదు. బేరం పోయినా ఫరవాలేదు, మాట మాత్రం పడకూడదు. తండ్రీ తాతా మగ్గం గుంటలో కూర్చుని నోరెత్తకుండా నేసినవాళ్ళు. ఇతనికి ఆ గుంటలో కాసేపు కూర్చున్నా కాళ్ళు నిలిచేవి కావు. అందుకే నేత వదిలి అమ్మకంలోకి వచ్చాడు.

కొట్టు మీద వాటాలో కోటేష్ అద్దెకుండేవాడు. ఊరి బయట కొత్తగా వచ్చిన ఆఫీసుల్లో ఒకదాంట్లో ఉద్యోగం. ఒక ఆదివారం మధ్యాహ్నం పైనుంచి కేకలు వినబడ్డాయి.

"కొట్టు! వాణ్ణి కొట్టు! అబ్బా, ఇంకోడు కూడా పడ్డాడు!"

మడతపెడుతున్న చీర వదిలేసి శ్రీమన్నారాయణ మెట్లెక్కి పరిగెత్తాడు. తగువు ఆపడానికి వెళ్ళాడో, తనూ ఓ చెయ్యి వేద్దామని వెళ్ళాడో భార్య సౌజన్యకి ఇప్పటికీ తెలీదు. పైకెళ్ళి చూస్తే దెబ్బలాటేమీ లేదు. బల్ల మీద గళ్ళ గళ్ళ అట్ట పరిచి ఉంది. దాని మీద వేలెడంత బొమ్మలు. ఒకవైపు పచ్చటి ఒళ్ళు, కోరలు ఉన్న రాక్షసులు. రెండోవైపు హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు. మధ్యలో శనగగింజంత బంతి.

"ఫుట్‌బాలండీ," అన్నాడు కోటేష్ సిగ్గుపడుతూ. "కాకపోతే ఇందులో కొట్టుకోవచ్చు."

శ్రీమన్నారాయణ కుర్చీ లాక్కున్నాడు. "నాకూ చెప్పండి."

ఆట తెలుసుకోవడం కష్టం కాలేదు. ఒక్కో జట్టుకి పదకొండు మంది. ఆటకి రెండు సగాలు, ఒక్కో సగంలో వంతులు లెక్కగానే ఉంటాయి. బంతి పట్టుకుని అవతలి గీత దాటితే గోల్. మన వంతు వచ్చినప్పుడు మనవాళ్ళందర్నీ ఒక్కొక్కరిగా కదపొచ్చు. పరిగెత్తాలన్నా, తప్పించుకోవాలన్నా, ఎదుటివాణ్ణి కొట్టాలన్నా పాచికలు వెయ్యాలి. చిక్కల్లా ఒక్కటే. మనవాడు ఒక్కడు కింద పడినా మన వంతు అక్కడితో ఆఖరు. మిగతావాళ్ళు కదలకుండా చూస్తూ నిలబడాల్సిందే.

రాక్షసుల జట్టు యజమాని అబ్దుల్ ఖాదర్. గుంటూరులో మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. భారీ మనిషి, గొంతు మాత్రం మెత్తన. అతని జట్టులో ఒక భూతం ఉంది. మిగతా బొమ్మలకి రెండింతలుంటుంది, దాని చెయ్యి తగిలితే లేచేవాడు లేడు. కాకపోతే దానికి బుర్ర తక్కువ. కదిలే ముందు పాచిక వెయ్యాలి. ఒకటి పడితే తనేం చెయ్యాలో మరిచిపోయి నోరు తెరుచుకుని నిలబడిపోతుంది.

మనుషుల జట్టుని సొంతంగా ఎవరూ తీసుకోవడం లేదంటే శ్రీమన్నారాయణ తీసుకున్నాడు. మర్నాడే బొమ్మల చొక్కాలకి పసుపు రంగు వేసి, అడుగున సన్నగా, మంగళగిరి చీరలకుండే నిజాం అంచు కూడా దిద్దాడు. అంత అందంగా తయారైన జట్టు ప్రతి ఆదివారం అంత ఘోరంగానూ ఓడిపోయేది.

కారణం అందరికీ తెలుస్తూనే ఉంది, అతనికి తప్ప. భూతం ఒకణ్ణి పడగొట్టేసరికి శ్రీమన్నారాయణకి పౌరుషం ముంచుకొచ్చేది. బంతి సంగతి మరిచిపోయి నలుగుర్ని దాని మీదకి తోలేవాడు. ఆ నలుగురూ ఒకరి తర్వాత ఒకరు బోర్డు బయటికి, దెబ్బలు తగిలినవాళ్ళ పెట్టెలోకి చేరేవాళ్ళు. ఒకరోజైతే సగం ఆట అయ్యేసరికి మైదానంలో ముగ్గురే మిగిలారు. శ్రీమన్నారాయణ బొమ్మల్ని డబ్బాలో సర్దేసి కిందికి దిగిపోయాడు. ఆ తర్వాత ఆదివారాలు వస్తున్నాయి, పోతున్నాయి, అతను మెట్లెక్కలేదు.

"పైన ఆడుతున్నారండీ," అంది సౌజన్య.

"ఆడనీ. పెద్దాళ్ళు బొమ్మలతో ఆడుకోవడమేంటి, అసహ్యంగా," అన్నాడు.

ఒక మధ్యాహ్నం ఖాదరే కొట్టుకి వచ్చాడు. మరదలి పెళ్ళికి చీర కావాలన్నాడు. ఆకుపచ్చ చీర ఒకటి మారుమాట లేకుండా ఎంచుకుని, ఆ పైన కదలకుండా పరుపు మీద కూర్చున్నాడు.

"నారాయణగారూ, ఒక్క మాట. కోప్పడరు కదా?"

"ముందు చెప్పండి. కోపం సంగతి తర్వాత చూద్దాం."

"మీరు నాతో ఆట ఆడట్లేదండీ. మా భూతంతో తగువు పడుతున్నారు."

ఖాదర్ చీరల మధ్య పెట్టే అట్టముక్కలు తీసి, చింపి, తెల్లటి పరుపు మీద పేర్చాడు. పెద్దవి తనవి, చిన్నవి శ్రీమన్నారాయణవి.

"మావాళ్ళకి వచ్చింది ఒకటే, కొట్టడం. మీవాళ్ళకి అన్నీ కొంచెం కొంచెం వచ్చు. పరుగు వచ్చు, పాస్ వచ్చు, పట్టుకోవడం వచ్చు, అవసరమైతే ఒకటి తగిలించడమూ వచ్చు. అలాంటప్పుడు మాకు చేతకానిదేదో అదే ఆడాలి మీరు. మీరొచ్చి మాకు చేతనైన ఆట ఆడతారు, ఇంకేం గెలుస్తారు?"

"మరి మీదపడి కొడుతుంటే?"

"మీద పడనివ్వకండి. మా పక్క గడిలో నిలబడకండి. ఒక గడి ఖాళీ వదిలి నిలబడితే మేం నడిచి రావాలి. నడిచొచ్చి ఒక్కణ్ణి కొట్టగలం గానీ పదిమందిని కొట్టలేం. భూతం ఎదురుగా ఒక్కణ్ణి వదిలెయ్యండి. పాపం వాడు దెబ్బలు తింటాడు, నిజమే. కానీ పోయేది వాడొక్కడే, పదిమంది పెట్టు అయిన భూతం అక్కడ ఇరుక్కుపోతుంది. మిగతా పదిమందీ మా చిన్నవాళ్ళ దగ్గరికి ఇద్దరిద్దరుగా వెళ్ళండి. ఇద్దరుంటే పాచికలు మీ మాట వింటాయి."

సౌజన్య టీ తెచ్చింది. ఖాదర్ ఇంకా చెబుతూనే ఉన్నాడు. పాచిక అక్కర్లేని కదలికలన్నీ ముందు అయిపోవాలి, పడిపోయే ప్రమాదం ఉన్నది ఆఖర్న చెయ్యాలి. బంతి ఉన్నవాడి చుట్టూ నాలుగు మూలలా నలుగురుండాలి. గోల్ చేసే వీలుంది కదా అని తొందరపడి చెయ్యకూడదు, ఎదుటివాళ్ళకి వంతులు మిగలకుండా చివర్లో చెయ్యాలి.

"ఇవన్నీ నాకెందుకు చెబుతున్నారు ఖాదర్ భాయ్? రేపు మిమ్మల్నే ఓడిస్తాను కదా?"

"ఓడించండి సార్! గెలిచీ గెలిచీ బోరు కొడుతోంది. మీరు రావడం మానేశాక ఆదివారం నిద్రొస్తోంది అక్కడ."

శ్రీమన్నారాయణ మళ్ళీ మెట్లెక్కాడు. నేర్చుకోవడం ఒక్కరోజులో అయింది కాదు. చెయ్యి ఊరికే భూతం వైపు వెళ్ళేది. వెళ్ళిన చెయ్యిని వెనక్కి లాక్కోవడమే అతనికి అసలు కసరత్తు. ఆ వేసవిలో ఆట మెల్లగా బాగుపడింది. ముందు తక్కువ తేడాతో ఓడాడు, తర్వాత సమంగా ముగించాడు. కోటేష్ జట్టుని ఒకసారి గెలిచాడు. ఖాదర్ని మాత్రం గెలవలేదు.

ఆగస్టులో తాడేపల్లిలో ఒక ఫంక్షన్ హాలు మేడ మీద పోటీ పెట్టారు. అందరికీ సమానంగా ఆటలు, చివరికి మొత్తం పాయింట్లు ఎక్కువున్నవాళ్ళకి కప్పు. విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి కూడా వచ్చారు. శ్రీమన్నారాయణ కొన్ని ఆటలు గెలిచాడు, దయ్యాల జట్టు చేతిలో ఒకటి ఓడాడు. ఆఖరి ఆటకి పేర్లు చదివితే ఎదురు పడింది ఖాదర్. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు.

మొదటి సగంలో బంతి ఖాదర్‌ది. రాక్షసులు బంతిని మధ్యలో పెట్టుకుని, రోడ్డు రోలరులాగా మెల్లగా కదిలారు. ఖాదర్ ఆలోచన తెలుస్తూనే ఉంది. సగం ముగిసేదాకా సాగదీసి, దారిలో దొరికినవాళ్ళనల్లా చితగ్గొట్టి, చివరి వంతులో గోల్ చేస్తాడు. అలా సాగితే మనుషుల జట్టులో ఎవరూ మిగలరు.

శ్రీమన్నారాయణకి కొట్టు గుర్తొచ్చింది. చీర చేతిలో పట్టుకుని పొద్దంతా కూర్చునే బేరాలుంటాయి. అలాంటప్పుడు ఇంకో ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టి, ఆ చీరే కావాలంటోందని అంటే చాలు, మొదటావిడ వెంటనే కొనేస్తుంది. అతను తన జట్టులో వేగం ఉన్న ఇద్దర్ని అంచుల నుంచి తిప్పి బంతి ఉన్న రాక్షసుడి వెనక్కి పంపాడు. వాళ్ళు కొట్టలేదు, ఊరికే ఒక గడి దూరంలో నిలబడ్డారు. తర్వాతి వంతులో ఇంకొకణ్ణి తెచ్చాడు. ఏ క్షణాన్నైనా బంతి లాక్కుంటారనిపించేలా ఉంది. ఖాదర్ గడ్డం గోక్కున్నాడు, బోర్డు వైపు వంగి చూశాడు, అనుకున్నదానికంటే చాలా ముందే గీత దాటేశాడు.

గోల్ పడింది. హాల్లో చప్పట్లు కొట్టారు. శ్రీమన్నారాయణ కూడా కొట్టాడు. ఇంకా కొన్ని వంతులు మిగిలి ఉన్నాయి మరి, బంతీ ఇప్పుడు తనవైపుకే వస్తుంది. బంతి అందుకుని, వెనక్కి తీసి, పొడుగు పాస్ ఒకటి వేశాడు. అవతల ఉన్న తనవాడు పట్టుకున్నాడు, పరిగెత్తాడు. సగం ముగిసేసరికి చెరో గోల్.

రెండో సగంలో బంతి శ్రీమన్నారాయణది. భూతం ఎదురుగా ఒక్కణ్ణి నిలబెట్టాడు. వాడు పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు, ఆఖరికి పెట్టెలోకి పోయాడు. వాడి బదులు ఇంకొకణ్ణి పంపాడు. జట్టు పలచబడుతోంది. ఒకసారి భూతానికి ఒకటి పడి నోరు తెరుచుకుని నిలబడిపోతే ఖాదర్ నెత్తి కొట్టుకున్నాడు. ఆ కాస్త సందులో బంతి ముందుకి జరిగింది.

చివరి వంతు వచ్చింది. అప్పటికి తప్పటడుగు వేసి భూతం నేల మీద పడి ఉంది, సరిగ్గా శ్రీమన్నారాయణ మనిషి కాళ్ళ దగ్గర. పడినవాణ్ణి తొక్కొచ్చని ఆటలో రూలు ఉంది. పక్కన చూస్తున్న కోటేష్ ఆగలేకపోయాడు.

"తొక్కండి సార్! ఇన్నాళ్ళ కసి తీరుతుంది!"

శ్రీమన్నారాయణ చెయ్యి ఆ బొమ్మ దాకా వెళ్ళింది. ఒక్క క్షణం ఆగింది. "దాంతో నాకేం పని," అని చెయ్యి పక్కకి తీశాడు. పాచిక అక్కర్లేనివాళ్ళని ముందు కదిపి దారి చేశాడు. ఇక మిగిలింది బంతి ఉన్నవాడే. వాడు ఒక రాక్షసుణ్ణి తప్పించుకోవాలి, ఆ తర్వాత శక్తికి మించి ఇంకో రెండు గడులు పరిగెత్తాలి.

పాచిక వేశాడు. రెండు పడింది. చాలదు. మళ్ళీ వేసుకునే అవకాశం ఒకటి దాచుకున్నాడు, అది వాడాడు. ఐదు. తప్పించుకున్నాడు. మిగతా రెండు గడులకీ ఒకటి పడకపోతే చాలు. మొదటి గడికి నాలుగు. ఆఖరి గడికి పాచిక బల్ల మీద దొర్లి దొర్లి, ఖాదర్ చేతి గడియారానికి తగిలి ఆగింది. మూడు.

"గోల్!" అని ముందు అరిచింది ఖాదరే. కుర్చీలోంచి లేచి శ్రీమన్నారాయణని కావిలించుకుంటే అతని కాళ్ళు నేల మీద ఆనలేదు.

మొత్తం పాయింట్లు చూస్తే కప్పు ఖాదర్‌కే వచ్చింది, శ్రీమన్నారాయణది నాలుగో స్థానం. అతనికి ఆ సంగతే పట్టలేదు. స్కూటర్ మీద తిరిగొస్తుంటే ఖాదర్ వెనక్కి తిరిగి అడిగాడు.

"అదంతా సరే, నన్ను తొందరపెట్టి గోల్ చేయించారు చూడండి, అది నేను నేర్పలేదే?"

"అది చీరల వ్యాపారం భాయ్. మీరు ముందు రోడ్డు చూడండి."

ఇంటికొచ్చి ఆట మొత్తం సౌజన్యకి రెండుసార్లు చెప్పాడు. మూడోసారి మొదలుపెట్టబోతుంటే ఆవిడ చేతిలో పని పక్కన పెట్టింది.

"అన్నిసార్లు వినే బదులు నేనూ ఆడతాను, నేర్పండి."

ఆదివారం ఖాదర్ తన జట్టుని ఆవిడకి అరువిచ్చాడు. సౌజన్య భూతాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏవండీ, దీంతో ఎవర్నైనా కొట్టొచ్చా?"

"కొట్టొచ్చు. కానీ ముందు పాచిక..."

ఆవిడ వేసింది. ఆరు పడింది. పసుపు చొక్కావాడొకడు పెట్టెలోకి ఎగిరిపడ్డాడు. శ్రీమన్నారాయణ మిగతావాళ్ళని తీసుకుని ఒక గడి వెనక్కి జరిగాడు.