టైపు వదిన ఇంట్లో నెట్టు నత్తనడక

ఆమెను వీధిలో అందరూ టైపు వదిన అంటారు. ఆ పేరు పెట్టింది మరిది. పెళ్లయి వచ్చిన కొత్తలో, ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆమె వేళ్లు మోకాలి మీద టకటకలాడుతుండటం చూసి అతను అలా పిలవడం మొదలుపెట్టాడు. అతన్ని చూసి పక్కింటివాళ్లు, వాళ్లను చూసి కిరాణా కొట్టాయన అందుకున్నారు. కొట్టాయన వయసులో ఆమె తండ్రంత ఉంటాడు. అయినా ఆయనకూ ఆమె వదినే.

ఒకప్పుడు బజారులో, మందుల షాపు మీది పొడవాటి గదిలో ఆమె టైపు నేర్పేది. గదినిండా మిషన్లు, మిషన్ల ముందు బెంచీలు, వేలు తప్పు అక్షరం మీద పడితే వీపు తిప్పి నిలబడి కూడా కనిపెట్టే మాస్టారమ్మ ఆమె. కంప్యూటర్లు వచ్చాక బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. చివరికి మిషన్లన్నీ పాత ఇనుము కింద బండెక్కాయి. ఆ రోజు ఆమె కన్నీళ్లేమీ పెట్టుకోలేదు. మూలనున్న మిషన్‌కు చివరిసారి దుమ్ము తుడిచి పంపించి, మర్నాటి నుంచి తనే కంప్యూటరు నేర్చుకోవడానికి వెళ్లింది.

ఇప్పుడామె ఇంట్లోనే కూర్చుని ఒక పెద్ద ఆసుపత్రికి పని చేస్తోంది. రోగిని చూశాక డాక్టర్లు తాము గమనించినదంతా నోటితో చెప్పి రికార్డు చేస్తారు. ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, విన్నది విన్నట్టు టైపు చేసి, సాయంత్రంలోగా పంపాలి. ఆ రికార్డులు ఆసుపత్రివాళ్ల వెబ్‌సైటులోనే వినాలి తప్ప మన కంప్యూటర్లోకి దించుకునే వీల్లేదు. కాబట్టి నెట్టు ఆగితే డాక్టరు నోరు కూడా ఆగిపోతుంది.

కొన్నాళ్లుగా సరిగ్గా అదే జరుగుతోంది. "రోగికి ఎడమ..." అంటాడు డాక్టరు. అంతే. తెర మీద చిన్న చక్రం గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఎడమ ఏమిటి? కాలా, చెయ్యా, కన్నా? ఆమె చేతులు మీటల మీద అలాగే ఉంచి ఎదురుచూస్తుంది. చాలాసేపటికి "...చెవి వెనక వాపు" అని వస్తుంది. మళ్లీ చక్రం. ఒక్క రోగి పూర్తయ్యేసరికి పూట గడిచిపోతుంది. ఆసుపత్రిలో ఈ పని చూసే సూపరింటెండెంటు మేడమ్ మంచి మనిషే గానీ, ఆలస్యం సహించదు. రెండుమూడుసార్లు ఫోన్ చేసి మెత్తగా అడిగింది. తర్వాత అడగడం మానేసి, మధ్యాహ్నం రావలసిన రికార్డులు వేరే ఎవరికో పంపడం మొదలుపెట్టింది. తిడితే బాగుండేది అనిపించింది టైపు వదినకు.

అన్నదమ్ములిద్దరూ కలిసి కట్టుకున్న ఇల్లది. కింద మరిది, తోడికోడలు. మీద ఈమె, భర్త. నెట్టు డబ్బా మెట్ల మలుపులో గోడకు ఉంటుంది. రెండిళ్లకూ అదే. ఆమె కంప్యూటరు గదికి, డబ్బాకు మధ్య ఉన్నది ఒకే ఒక గోడ. ఇన్నేళ్లూ ఏ ఇబ్బందీ లేదు.

కంపెనీకి ఫోన్ చేసింది. డబ్బా ఆపి మళ్లీ వెయ్యమన్నారు. వేసింది. కంప్యూటరు ఆపి మళ్లీ వెయ్యమన్నారు. అదీ చేసింది. మర్నాడు ఇంకెవరో ఎత్తి, మొదటి నుంచీ మళ్లీ అవే చెప్పారు. చివరికి ఒక సర్వీసు కుర్రాడు వచ్చి, డబ్బా దగ్గర నిలబడి ఒకసారి, ఆమె గదిలో నిలబడి ఒకసారి తన ఫోన్‌లో స్పీడు చూసుకున్నాడు. రెండుచోట్లా బ్రహ్మాండంగా ఉందన్నాడు. మీ కంప్యూటరు ముసలిదైపోయిందమ్మా అని, బయట బండి స్టార్టు చేసుకున్నాడు.

ఆమెకు ఆ మాట మింగుడుపడలేదు. ముసలిదైతే మొన్నటిదాకా ఎలా పరుగెత్తింది? ఆలోచించగా ఆలోచించగా ఆమెకు కింది నుంచి వినిపించే టీవీ చప్పుడు తట్టింది. నెట్టు మందగించిన వారమే తోడికోడలు ఇంటికి పెద్ద టీవీ వచ్చింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా ఆ టీవీలో నెట్టు మీద ఏదో ఒకటి ఆడుతూనే ఉంటుంది. సర్వీసు కుర్రాడు వచ్చింది పొద్దున. అప్పుడు టీవీ లేదు. ఇంకేం కావాలి?

ఇంత తెలిసినామె పిలిచి నెమ్మదిగా చెప్పవచ్చు. చెప్పలేదు. సూపరింటెండెంటు మేడమ్ మీది బాధ, కంపెనీవాళ్ల మీది కోపం అన్నీ లోపల కుతకుతలాడుతున్నాయి. బట్టలు ఆరెయ్యడానికి మెట్లెక్కి వస్తున్న తోడికోడలు ఎదురుపడేసరికి నోరు జారింది.

"పొద్దుపోవడానికి టీవీ చూసేవాళ్ల కోసం పనిచేసుకునేవాళ్లు పని మానుకోవాల్సొస్తోంది. ఏం చేస్తాం."

తోడికోడలు బకెట్టు కింద పెట్టింది. "నన్నేనా అక్కా?" అంది. ఈమె లోపలికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం కింది నుంచి చప్పుడు లేదు. మర్నాడూ లేదు. మరిది సాయంత్రం వచ్చి టీవీ వెయ్యబోతే, ప్లగ్గు ముట్టుకోవద్దని భార్య గట్టిగా అనడం మీదికి కూడా వినిపించింది. కూర గిన్నె పట్టుకుని రోజూ పైకి వచ్చి కాసేపు కబుర్లాడి వెళ్లే తోడికోడలు రావడం మానేసింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో టైపు వదిన హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. "గుండె చప్పుడు..." అన్నాడు డాక్టరు. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది.

టీవీ లేకపోయినా నెట్టు అంతే ఉంది. అంటే తప్పు కిందింటివాళ్లది కాదు. అనకూడని మాట అనేసింది.

అప్పటి నుంచి ఎవరినీ అనుమానించడం మానేసి, అసలు తప్పెక్కడుందో వెతకడం మొదలుపెట్టింది. టైపు నేర్పే రోజుల్లో కాగితం మొత్తం తప్పులమయమైతే పిల్లలను తిట్టేది కాదు. ఒక్కొక్క వేలూ విడిగా కొట్టించి, ఏ వేలు దారి తప్పుతోందో చూసేది. ఇప్పుడూ అలాగే చేసింది. తన ఫోన్ తెచ్చి కంప్యూటరు పక్కనే బల్ల మీద పెట్టి ఒక వీడియో పెట్టింది. గలగలా నడిచింది. అదే వీడియో కంప్యూటర్లో పెడితే చక్రం. కాబట్టి గదిలోకి నెట్టు వస్తోంది, కంప్యూటర్లోకే వెళ్లడం లేదు. తెరిచి ఉన్న పేజీలన్నీ మూసేసింది. వాటంతటవే వచ్చి కూర్చునే అప్‌డేట్లు ఆపింది. వైరస్ ఉందేమోనని కంప్యూటరంతా వెతికించింది. దేనివల్లా ఏమీ ఒరగలేదు. కుర్రాడన్నట్టు ఇది ముసలిదైపోయిందేమోనని మనసు దిగజారిపోయింది.

కంప్యూటరు పెట్టిన బల్ల గురించి ఇక్కడ చెప్పాలి. ఆమె భర్త వెల్డింగు షాపు నడుపుతాడు. ఊళ్లోవాళ్లకు గేట్లు, గ్రిల్లులు, మెట్ల రెయిలింగులు చేసిపెడతాడు గానీ సొంత ఇంటికి ఒక్క మేకు కొట్టడని ఆమె జీవితమంతా దెప్పుతూనే ఉంది. మెడనొప్పితో ఆమె రాత్రిళ్లు అటూ ఇటూ దొర్లడం చూసి ఈమధ్యే ఆయనకు ఏమనిపించిందో, ఒక ఇనుప బల్ల తయారుచేసి ఆటోలో వేసుకుని తెచ్చాడు. తెర కళ్లకు సరైన ఎత్తులో ఉండేట్టు ఒక మెట్టు, కీబోర్డుకు జారే అర. చీర చెరగు పట్టుకోకుండా అంచులన్నీ నున్నగా అరగదీశాడు. నేల మీద ఉంటే తుడుపునీళ్లు, దుమ్ము పడుతున్నాయని సీపీయూ కోసం బల్ల కింద రేకుతో మూసిన పెట్టె చేసి, దానికి తలుపు, గొళ్లెం కూడా పెట్టాడు. వెనక వైర్లకు చిన్న కన్నం. ఆమె మెడనొప్పి వారంలో సగానికి సగం తగ్గింది. అలాంటి బల్లను ఎవరైనా అనుమానిస్తారా?

ఒక రోజు ఎండ మండిపోతోంది. సీపీయూ లోపలి ఫ్యాను రొద పెడుతుంటే, కాస్త గాలి తగలనిద్దామని ఆమె పెట్టె తలుపు తీసింది. తీసి తల ఎత్తేలోపే హెడ్‌ఫోన్లలో డాక్టరు మాటలు పంపు తిప్పినట్టు వచ్చిపడ్డాయి. ఆయన ఆగకుండా చెబుతూనే ఉన్నాడు, దగ్గాడు, నర్సుతో ఏదో అన్నాడు, మళ్లీ అందుకున్నాడు. ఆమె వేళ్లకు చాలా రోజుల తర్వాత పని దొరికింది. ఆ రికార్డు అయ్యాక, ఎందుకో అనుమానమొచ్చి తలుపు మూసింది. తర్వాతి డాక్టరు రెండు ముక్కలు చెప్పి ఆగిపోయాడు. తెరిచింది. పలికాడు. మూసింది. ఆగాడు.

నెట్టును గాలిలోంచి అందుకునే చిన్న ముక్క, బొటనవేలంత ఉంటుంది, సీపీయూ వెనక గుచ్చి ఉంది. దాని చుట్టూ నాలుగువైపులా ఆయన ఇనుప రేకు బిగించాడు. బల్ల తెచ్చిన మొదట్లో రంగు ఆరాలని తలుపు తీసే ఉంచారు. తలుపు మూయడం మొదలుపెట్టిన వారమే కింద టీవీ వచ్చింది.

ఆమె ముందు కిందికి వెళ్లింది. తోడికోడలు పప్పు ఏరుతోంది. తల ఎత్తలేదు. ఈమె వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"తప్పు నీది కాదు. మీ బావగారు చేసిన పెట్టెది. నేను ఊరికే నిన్నన్నాను."

తోడికోడలు చాట పక్కన పెట్టింది. ఏ పెట్టె, ఏమిటి అని అడిగి మొత్తం విన్నది. విన్నాక నవ్వు ఆపుకోవాలని చూసి, ఆపుకోలేకపోయింది. బావగారికి తెలుసా అని అడిగింది. తెలీదంది ఈమె. ఆయన ఆ బల్ల గురించి షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడని ఇద్దరికీ తెలుసు.

అందుకే టైపు వదిన కొన్నాళ్లు గుట్టుగా నెట్టుకొచ్చింది. ఆయన షాపుకు వెళ్లగానే తలుపు తీసేది, వచ్చే వేళకు మూసేసేది. అయితే మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఒకసారి ఆమె మరిచిపోయింది. తలుపు తీసుంటే దుమ్ము పడదూ అంటూ ఆయన అటుగా పోతూ కాలితో మూసేశాడు. అటు డాక్టరు సగం మాటలో చచ్చాడు. ఆమెకిక దాచడం చేతకాలేదు.

"మీరు కోప్పడనంటే ఒక మాట చెబుతాను. ఈ పెట్టెలోకి నెట్టు దూరట్లేదండీ."

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మలేదు. ఇనుముకూ నెట్టుకూ ఏమిటి సంబంధం, ఎవరు చెప్పారు నీకు, ఆ సర్వీసు కుర్రాడా అన్నాడు. అన్నం కూడా తినకుండా తమ్ముడి ఫోన్‌కు వీడియో కాల్ చేశాడు. ఆ రోజు తమ్ముడికి సెలవు, కిందే ఉన్నాడు. తమ్ముడు మాట్లాడుతుండగానే ఫోన్‌ను పెట్టెలో సీపీయూ పక్కన నిలబెట్టి తలుపు మూసి, గొళ్లెం పెట్టాడు. బయటి నుంచి గట్టిగా, "వినపడుతోందిరా?" అన్నాడు. లోపలి నుంచి తమ్ముడి గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చి ఆగిపోయింది. తలుపు తీశాడు.

"అన్నయ్యా, ఎక్కడున్నావ్? నీ మొహం బిగుసుకుపోయింది," అంటున్నాడు తమ్ముడు.

మళ్లీ మూశాడు. మళ్లీ తీశాడు. అలా ఎన్నిసార్లు చేశాడో. తమ్ముడికి విసుగొచ్చి తనే పైకొచ్చేశాడు, వెనకే తోడికోడలు కూడా వచ్చింది. అందరూ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఆయన నేల మీద గొంతుక్కూర్చుని, పెట్టె మూలల వెంట వేలు పెట్టి నెమ్మదిగా తడిమాడు.

"ఏ మూలా వెంట్రుకవాసి సందు వదల్లేదు నేను," అన్నాడాయన చివరికి. ఆ గొంతులో బాధ ఎంతుందో గర్వమూ అంతే ఉంది.

తర్వాత లేచి, వెనక రేకు కోసేస్తానని కట్టరు కోసం షాపుకు బయలుదేరాడు. ఆమె బల్లకు అడ్డంగా నిలబడింది. నా బల్ల మీద చెయ్యి వేస్తే ఊరుకోనంది. రేకు కొయ్యక్కర్లేదు, ఆ చిన్న ముక్కకు ఒక పొడుగు వైరు తగిలించి, వెనక కన్నంలోంచి పైకి తెచ్చి పెడితే చాలంది. ఆయన కాసేపు గునిశాడు గానీ ఒప్పుకున్నాడు. వైరు మరిది తెచ్చాడు. ముక్క బల్ల మీద జారిపోకుండా దేనికైనా పట్టించాలి కదా, చిన్న స్టాండు వెల్డు చేసుకొస్తానన్నాడాయన. ఇంకా ఇనుమా అని ముగ్గురూ ఒక్కసారే అన్నారు. ఆయన వంటింట్లోకి, వరండాలోకి తిరిగి తిరిగి, చివరికి బట్టలు ఆరేసే చెక్క క్లిప్పు ఒకటి తెచ్చి, జిగురుతో బల్ల అంచున అతికించాడు. ఆ ముక్క అందులో చక్కగా కూర్చుంది.

నెట్టు దారిలో పడింది. పెట్టె తలుపు మూసే ఉంటుంది, దుమ్మూ పడదు. అయితే వేరేవాళ్లకు వెళ్లిపోయిన మధ్యాహ్నం రికార్డులు మాత్రం టైపు వదినకు తిరిగి రాలేదు. ఇప్పుడవి టైపు చేసే ఆవిడ కూడా బాగానే చేస్తోందని సూపరింటెండెంటు మేడమ్ చెప్పింది. కాదనడానికి ఏముంది? పొద్దుటివే చేసుకుంటూ, మధ్యాహ్నాలు కాస్త నడుం వాలుస్తోంది. కింద టీవీ మళ్లీ మోగుతోంది. కూర గిన్నెలూ పైకి వస్తున్నాయి. తోడికోడలు మాత్రం అప్పుడప్పుడు మెట్ల దగ్గర నిలబడి, "అక్కా, టీవీ పెట్టుకోనా?" అని అడుగుతుంది. నవ్వుతూనే అడుగుతుంది. అయినా అడిగిన ప్రతిసారీ టైపు వదిన చేస్తున్న పని ఆపి మెట్ల దాకా వచ్చి, పెట్టుకోమ్మా అని చెప్పి వెళుతుంది.

వెల్డింగు షాపుకు మొన్న ఒకాయన ఆఫీసుకు ఇనుప బీరువా కావాలని వచ్చాడు. కొలతలు తీసుకునే ముందు టైపు వదిన భర్త టేపు మడిచి పక్కన పెట్టి, ఇందులో కంప్యూటరు గానీ పెడతారా అని అడిగాడట. అలాంటిదేమీ పెట్టబోమని వచ్చినాయన గట్టిగా చెప్పాకే పని ఒప్పుకున్నాడు.