సూరమ్మగారు విన్న నవల

1976లో నేను కొత్తపేట శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌గా చేరాను. గ్రంథాలయం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక పెంకుటిల్లు, గోడల వెంబడి బీరువాలు, పొడుగాటి బల్లలు, వీధి వైపు ఒక అరుగు. పొద్దున్నా సాయంత్రమూ తెరిచేవాళ్ళం. మధ్యాహ్నం తలుపులు వేసుకుని చిరిగిన పుస్తకాలకు అట్టలు అతికించుకునేవాణ్ణి.

మా వృత్తిలో రిఫరెన్స్ ఎంక్వైరీ అనే మాట ఒకటుంది. పాఠకుడు ఏదైనా అడిగితే, జవాబు ఉన్న పుస్తకం వెతికి చేతిలో పెట్టడం. అంతవరకే. ఆ పుస్తకం మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడం మన పని కాదని శిక్షణలో మరీ మరీ చెప్పారు. నాకూ అది హాయిగానే ఉండేది, సూరమ్మగారు వచ్చేదాకా.

"ఏవయ్యా అబ్బాయీ, మా కామేశ్వరికి ఇచ్చిన నవల ఏదయ్యా? అందులో ఏం రాసేరు?" అన్నారు గుమ్మం అవతల నిలబడి.

సూరమ్మగారు వేదం చెప్పుకునే ఇంట్లో పెద్దావిడ. భర్త పోయి చాలా కాలమైంది. తల మీద ముసుగు, ఒంటి మీద మడిబట్ట. ఆవిడ మనవరాలు కామేశ్వరి ఇంటర్ పాసై, కాకినాడలో నర్సు ట్రైనింగుకి వెళ్తానని పట్టుబట్టి కూర్చుంది. ఆ ఇళ్ళ ఆడపిల్లలు అప్పటికే టీచర్లవుతున్నారు గానీ, ఊరివాళ్ళందరి నెత్తురూ చీమూ తుడిచే పనికి ఎవరూ వెళ్ళలేదు. ఇంట్లో ఆఖరి మాట సూరమ్మగారిది. ఆవిడ కాదంటే ఆ పిల్ల చదువు అక్కడితో సరి. ఈ బుద్ధి నవల చదివే పుట్టిందని ఆవిడ అనుమానం.

అది ఏదో చలిదేశపు నవలకు అనువాదం. ఒక అనాథ పిల్ల మేనత్త దగ్గర పెరుగుతుంది. ఊరు దూరం పెట్టిన పడవవాళ్ళతో స్నేహం చేస్తుంది. కుదిర్చిన పెళ్ళి వద్దంటుంది. చివరికి ఇల్లు విడిచి పోతుంది. పిల్లలు పెద్దవాళ్ళయ్యే కథల్లో ఊరికి ఎదురుతిరిగే ఇలాంటివాళ్ళు తరచుగా కనిపిస్తారు. కుర్రకారు ఆ పుస్తకాలను నలిగిపోయేదాకా చదువుతారు.

"చూడండి మామ్మగారూ" అంటూ పుస్తకం అందించబోయాను. ఆవిడ చటుక్కున వెనక్కి జరిగారు.

"నలుగురి చేతులూ పడ్డ పుస్తకం ముట్టుకోనయ్యా. అయినా నాకు చదువెక్కడేడిసింది? నువ్వు లోపల కూచుని చదువు. నేను అరుగు మీంచి వింటాను."

నేను చర్చి వీధివాణ్ణి. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఆవిడ నన్ను దూరం పెడుతున్నారో, నా కిటికీ దగ్గరకు వచ్చి కూర్చుంటున్నారో నాకు బోధపడలేదు. "ఆయ్, అలాగేనండి" అన్నాను.

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు కిటికీకి ఇటు నేను, అటు ఆవిడ. మడి కట్టుకున్న మనిషి లైబ్రరీ అరుగు మీద కూర్చుని నవల వింటున్నారని తెలిసి ఊరు ముక్కున వేలేసుకుంది. పేపరు కోసమంటూ ముందే వచ్చి చెవులు రిక్కించేవాళ్ళు కొందరు. "వాళ్ళ గొడవ మనకెందుకయ్యా, నువ్వు కానీ" అనేవారు ఆవిడ. కథ వినడం అయ్యాక తిన్నగా ఇంటికి వెళ్ళి నూతి దగ్గర తలారా స్నానం చేసేవారట.

మేనత్త ఆ పిల్లను గదిలో పెట్టి గొళ్ళెం వేసిన చోట సూరమ్మగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "తల్లి లేని పిల్ల! అదేం మనిషయ్యా!" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అయితే కామేశ్వరిగారిని పంపిస్తారాండీ?" అన్నాను ఉండబట్టలేక.

"అదెలాగయ్యా? ఇది కథలో పిల్ల. అది మా పిల్ల."

నాకు తిక్కరేగింది. అంతసేపూ ఎవరికోసం గొంతు చించుకున్నట్టు?

పుస్తకం అయిపోయిన రోజు ఆవిడ లేవలేదు. "ఆ మేనత్త ఏవైందయ్యా?" అన్నారు.

"రాయలేదండి."

"పిల్ల వెళ్ళిపోయాక అన్నం తిందా? పిల్ల మళ్ళీ ఎప్పుడైనా గుమ్మం తొక్కిందా?"

"అదీ రాయలేదండి."

"ఇంత పుస్తకం రాసి అసలు సంగతి వదిలేసేడేంటయ్యా!" అని విసురుగా వెళ్ళిపోయారు. ఆ ప్రశ్నకు జవాబున్న పుస్తకం మా బీరువాల్లో ఎక్కడా దొరకలేదు.

కొన్నాళ్ళకు కామేశ్వరి మెంబర్‌షిప్ కార్డు ఇచ్చేయడానికి వచ్చింది. "మామ్మ వెళ్ళమందండీ. కానీ ఆ పనిలో చేరితే నా చేతి వంట తిననంది. సెలవు దొరికినప్పుడల్లా మాత్రం ఇంటికి వచ్చి తీరాలంది" అంది. ఆ పిల్ల మొహం చూసి సంతోషించాలో, ఓదార్చాలో తెలియలేదు. "మంచిదండి" అని కార్డు తీసుకున్నాను.

ఆ తర్వాత నవలలు పిల్లల్ని పాడుచేస్తాయని ఎవరైనా పోట్లాటకు వస్తే నేను వాదించడం మానేశాను. కుర్చీ వేసి, చదివి వినిపిస్తానంటాను. సూరమ్మగారి కేసు నాకు నేర్పింది అదొక్కటే.

ఎనభైల్లో నాకు అమలాపురం బదిలీ అయింది. అక్కడి ఆసుపత్రిలో నర్సుగా ఉన్న కామేశ్వరి ఒకరోజు పుస్తకాల కోసం వచ్చి, మామ్మ పోయిన సంగతి చెప్పింది. మంచాన పడ్డాక సెలవు పెట్టి తనే దగ్గరుండి చూసుకుందట.

"ఆఖరికైనా మీ చేతి అన్నం తిన్నారాండీ?" అని అడిగాను.

"లేదండీ. మందు మాత్రం నా చేత్తోనే పుచ్చుకునేది, మందుకి మడి పట్టింపు లేదు కదండీ. అందుకని జావ కాచి గ్లాసులో పోసి, ఇదీ మందే మామ్మా అనేదాన్ని. డాక్టరు రాసేడా అని అడిగేది. రాసేరు అనేదాన్ని. గడగడా తాగేసి, ఇవాళ మందులో ఉప్పు తక్కువైందే అనేది."