పోర్చుగీసు ఓనరమ్మ

పోయిన శనివారం మా అమ్మాయి బాత్‌రూమ్ కడుగుతానని బయల్దేరి, పని సగంలో వదిలేసి ఫోన్ చూసుకుంటూ వంటగదిలోకి వచ్చింది. పుట్టి పెరిగింది న్యూజెర్సీలోనే కాబట్టి దాని తెలుగు కొంచెం కుంటుతుంది కానీ, కొత్త సంగతి ఏది తెలిసినా నాకు తెలుగులోనే చెప్పాలని చూస్తుంది. “మమ్మీ, బాల్చీ తెలుగు వర్డ్ కాదంట. పోర్చుగీస్ అంట. నీకు తెల్సా?” అంది. “తెలుసు. నీకు మొదటిసారి నీళ్ళు పోసిన రోజే తెలిసింది” అన్నాను. ఫోన్ బల్లమీద బోర్లించి, నా ఎదురుగా కూర్చుంది. బాత్‌రూమ్ ఆ పూటకి అలాగే ఉండిపోయింది.

అప్పటికి నేను అమెరికా వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. మావారు కన్సల్టెంట్. సోమవారం ఫ్లైట్ ఎక్కితే మళ్ళీ గురువారం సాయంత్రమే ఇల్లు చూసేవారు. నాది డిపెండెంట్ వీసా కాబట్టి ఉద్యోగం లేదు, డ్రైవింగ్ రాదు. మొదట ఉన్న అపార్ట్‌మెంట్‌లో వంట వాసన వస్తోందని పక్కవాళ్ళు మూడుసార్లు కంప్లైంట్ చేశారు. మూడోసారి మేనేజర్ మా తలుపుకే కాగితం అంటించి వెళ్ళాడు. వచ్చేపోయేవాళ్ళందరూ దాన్ని చదువుతుంటే ప్రాణం చచ్చిపోయి, లీజ్ అయిపోగానే నెవార్క్‌లో పోర్చుగీసువాళ్ళు ఎక్కువగా ఉండే పేటకు మారిపోయాం. చిన్న ఇల్లు. కింద ఓనరమ్మ, పైన మేము. ఓనరమ్మకు భర్త పోయాడు. వాళ్ళ పద్ధతి ప్రకారం ఎప్పుడూ నల్ల గౌను, నల్ల మేజోళ్ళు, జుట్టు వెనక్కి బిగించి ముడి. ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు అంతంత మాత్రం, నాది అంతకంటే కాస్త మెరుగు. ఆ రెండూ కలిపి సంసారం నెట్టుకొచ్చాం.

అక్కడికి వెళ్ళిన రెండో నెలలో నాకు నెల తప్పింది. వేవిళ్ళు అందరికీ ఉంటాయి కానీ నావి మరీ అన్యాయం. మంచినీళ్ళు తాగినా బయటికి వచ్చేవి. ఇంకో రెండు పౌండ్లు తగ్గితే హాస్పిటల్‌లో అడ్మిట్ చేస్తానంది డాక్టరమ్మ. బందరులో అమ్మ రావాలని అప్లై చేసింది కానీ వీసా రాలేదు. ఆ వార్త విన్న మర్నాడు మధ్యాహ్నం నాకు ఉన్నట్టుండి ఉప్పుచేప వంకాయ కూర మీద మనసు పోయింది. పోవడమంటే మామూలుగా కాదు, అది తినకపోతే బతకననిపించింది. అమ్మ ఎవరిచేతో పంపిన ఉప్పుచేప ఏడు కవర్లలో చుట్టి ఫ్రీజర్ అడుగున ఉంది. కిటికీలన్నీ తెరిచి, తలుపు కింద దుప్పటి కుక్కి, దొంగతనం చేస్తున్నదాన్లా వండాను. కూర దగ్గరపడుతుండగా తలుపు చప్పుడైంది.

ఓనరమ్మ. కడుపుతో ఉన్నాను, మావారు ఊళ్ళో లేరు, మళ్ళీ ఇల్లు మారాలంటే ఎక్కడికి పోతాం? “సారీ, సారీ, ఇంకెప్పుడూ వండను” అన్నాను. ఆవిడ నా మాట విన్నట్టే లేదు. నన్ను దాటుకుని నేరుగా స్టవ్ దగ్గరకు వెళ్ళి, మూత తీసి, కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చింది.

“చేప. ఉప్పేసి ఎండబెట్టింది” అంది. తర్వాత కళ్ళు తెరిచి, తప్పు పట్టుకున్న టీచర్‌లా, “ఎంతసేపు నానబెట్టావు?” అని అడిగింది.

“అరగంట.”

“అరగంటా? మేం రెండు రోజులు నానబెడతాం. నీళ్ళు మారుస్తూ.” అలా అంటూనే కుర్చీ లాక్కుని కూర్చుంది. కిందకి వెళ్ళి రొట్టె తెచ్చుకుంది. కారానికి కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే నల్ల గౌను చేతికి తుడుచుకుంటూ తింది. ఆవిడ తింటుంటే చూస్తూ నేనూ తిన్నాను. అయిదు వారాల తర్వాత కడుపులో నిలిచిన మొదటి అన్నం అది. మర్నాటి నుంచి రోజూ సాయంత్రం ఆవిడ గిన్నెడు సూప్ పట్టుకొచ్చేది. బంగాళాదుంప మెదిపి, ఆకుకూర దారాల్లా తరిగి వేసేది. నేను తాగేదాకా కదిలేది కాదు. నన్ను “ఫీల్యా” అని పిలిచేది. అంటే కూతురని అర్థమట. అది తెలియక నేను చాలా రోజులు నా పేరు పలకడం ఆవిడకు రావడం లేదనుకున్నాను.

పిల్ల ఆపరేషన్ చేస్తే పుట్టింది. మావారు పదో రోజుకి మళ్ళీ ఫ్లైట్ ఎక్కక తప్పలేదు. బొడ్డు ఊడాక మొదటి స్నానం. అమ్మ బందరు నుంచి ఫోన్‌లో చెబుతుంటే నేను చెయ్యాలి. స్పీకర్ పెట్టి, ఫోన్ సింక్ పక్కన నిలబెట్టాను. ఓనరమ్మ నా పక్కన నిలబడింది. నేనేమో కుట్లు లాగుతుంటే వంగలేక, పిల్ల చేతుల్లోంచి జారిపోతుందేమోనని భయపడుతున్నాను. అమ్మ అక్కణ్ణుంచి, “ముందు తువ్వాలు దగ్గర పెట్టుకోవే” అంది. నేను తలతిప్పి చూసేలోపల ఓనరమ్మ తువ్వాలు నా భుజాన వేసింది. “సబ్బు కళ్ళల్లో పడనీకు” అంది అమ్మ. ఓనరమ్మ సబ్బు అందించింది. “బాల్చీలో నీళ్ళు మోచేత్తో చూడు, వేడెక్కువ ఉంటే చన్నీళ్ళు తొలుపు” అంది అమ్మ. ఓనరమ్మ బాల్చీ ముందుకు జరిపి, మోచెయ్యి కూడా తనే ముంచింది. మోచెయ్యి సంగతి ఏ భాషలోనైనా ఒకటే అనుకుంటాను.

“ఆవిడకి నువ్వు చెబుతున్నావా?” అని అడిగింది అమ్మ.

“లేదమ్మా. నీ మాట వినే అందిస్తోంది.”

“ఆవిడకి తెలుగెట్టా వచ్చే?” అంది అమ్మ.

నేను ఓనరమ్మనే అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోతూ ఒక్కొక్క వస్తువూ చూపించి, “తువాల్య. సబావ్. బాల్ద్. మా మాటలేగా?” అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కుట్ల మీద చెయ్యి పెట్టుకుని నవ్వాను. పిల్ల మాత్రం ఇవేవీ పట్టనట్టు కెవ్వుమని ఏడ్చింది. ఆ పూట అమ్మకు వీసా రాలేదన్న దిగులు నాలో సగానికి తగ్గింది. ఆవిడ అమ్మకు బదులని కాదు. అమ్మ చెప్పిన మాట అర్థమయ్యే మనిషి ఒకరు ఆ గదిలో ఉన్నారని.

పిల్లకు పద్నాలుగో నెలలో అమ్మకు వీసా వచ్చింది. ఎండాకాలం. ఓనరమ్మ పెరట్లో ద్రాక్ష పందిరి, కుండీల్లో మిరప మొక్కలు ఉండేవి. అమ్మ వాటిని చూసి పుట్టింటివాళ్ళు కనిపించినంత సంబరపడి, “మన మిరపకాయలు ఇక్కడిదాకా వచ్చినయ్యే” అంది. నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పాను, చెప్పకుండా ఉండాల్సింది. ఓనరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, మిరప మీది కాదు, మా వాళ్ళు ఓడల్లో మీకు తెచ్చిచ్చారని వాదించింది. అమ్మకు ముఖం మాడిపోయింది. “మరి అంతకుముందు మనవాళ్ళు ఏం తిన్నారంటా?” అని నన్ను నిలదీసింది. మిరియాలన్నాను. “మిరియాలతో గోంగూర పచ్చడా?” అని రెండు రోజులు ఓనరమ్మతో మాట్లాడలేదు. మాట్లాడ్డానికి ఇద్దరికీ భాష లేదనుకోండి, అయినా మాట్లాడకపోవడం తెలిసిపోయేది. ఆ వారమంతా రోజుకొకటి, అదీ ఆ ఓడల్లోనే వచ్చిందని తేలి, మా చేతిలోంచి పోతూ వచ్చింది. బొప్పాయి పోయింది. అనాస పోయింది. జీడిమామిడి పోయింది. జామకాయ కూడా పోయేసరికి అమ్మ కుర్చీలో కూలబడి, “ఇంక మనకంటూ మిగిలిందేంటే?” అంది. వంకాయ మనదేనని చెప్పాక గానీ ఆ పూట భోజనానికి లేవలేదు.

అమ్మ కోపం ఎప్పుడూ నిలవదు. ఆదివారం ఓనరమ్మను భోజనానికి పిలిచి, “మీ వాళ్ళు తెచ్చినవి తినే ఇంతవాళ్ళమయ్యాం, థాంక్స్ అని చెప్పు” అంది నాతో. చెప్పాను. ఓనరమ్మ నవ్వలేదు. చెంచా కింద పెట్టి, మెల్లిగా, మాటలు వెతుక్కుంటూ చెప్పింది. “ఆ ఓడలు ఇవ్వడానికి రాలేదు, ఫీల్యా. తీసుకోవడానికి వచ్చాయి. మా తమ్ముణ్ణి ఇరవై ఏళ్ళప్పుడు తుపాకీ ఇచ్చి ఆఫ్రికా పంపారు. అక్కడివాళ్ళ నేల మాదేనని చెప్పడానికి. తిరిగొచ్చాడు కానీ, అన్నం దగ్గర మాతో మాట్లాడలేదు. చనిపోయేదాకా మాట్లాడలేదు.”

అది నేను అమ్మకు తెలుగులో చెప్పాను. అమ్మ లేచి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని, మా ఇంట్లో అలవాటు ప్రకారం అక్కడే ప్రార్థన మొదలుపెట్టింది. అమ్మ ప్రార్థనలు పొడుగు. అందులో మా అందరి పేర్లూ అయ్యాక, మిరపకాయలు తెచ్చినవాళ్ళను, ఆ ఓడల వల్ల ఏడ్చినవాళ్ళను, మాట పడిపోయిన ఈమె తమ్ముణ్ణి జ్ఞాపకం చేసుకోమని తెలుగులో దేవుణ్ణి అడిగింది. చివర ఆమెన్ అనగానే ఓనరమ్మ నుదుటి మీద, గుండె మీద సిలువ గుర్తు వేసుకుంది. మా ప్రొటెస్టెంట్ అమ్మ ఒంటికన్నుతో అది చూసింది, మావాళ్ళలో అలా వేసుకోరు, ఆమెకు నచ్చదు. అయినా పట్టుకున్న రెండో చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత మేము ఐసెలిన్ దగ్గర ఇల్లు కొనుక్కున్నాం. ఓనరమ్మ కొన్నేళ్ళకు ఇల్లు అమ్మేసి మసాచుసెట్స్‌లో కొడుకు దగ్గరకు వెళ్ళిపోయింది. పండగలకు ఫోన్ చేసుకునేవాళ్ళం. అమ్మ ముందు పోయింది, ఆవిడ మూడేళ్ళ కిందట. కొడుకు ఫోన్ చేసి, డెబ్బై అయిదేళ్ళని చెప్పాడు.

మా అమ్మాయికి ఇదంతా చెప్పాను కానీ, ఒక సంగతి చెప్పడం మరిచాను. ఓనరమ్మ అప్పట్లో బేకరీలో పని చేసేది. తెల్లవారుజామున నాలుగింటికి వెళ్ళి, ఓవెన్‌ల ముందు నిలబడి, మధ్యాహ్నానికి వచ్చేది. నల్ల బట్టలు చూసి నేను ఆవిడను ముసలావిడ అనుకున్నాను. ముసలివాళ్ళకు తీరిక ఉంటుంది కదా, అందుకే రోజూ పైకి వస్తోందనుకున్నాను. మొన్న కూర్చుని లెక్క చూస్తే, మేము ఆ ఇంట్లో దిగేనాటికి ఆవిడకు యాభై మూడేళ్ళు. ఈ ఏడు నాకూ యాభై మూడే. ఆఫీస్ నుంచి వచ్చి చెప్పులు విప్పాక, ఇంకొకరి కోసం మళ్ళీ లేచి నిలబడడమంటే ఏమిటో నాకిప్పుడు తెలుసు. ఆవిడ నాకిచ్చింది తీరిక కాదని తెలుసుకోవడానికి నేను ఆవిడ వయసుకు రావలసి వచ్చింది, నేను వచ్చేసరికి ఆవిడ అక్కడ లేదు.