మీటరు కదలని బండి

పొద్దున ఆరున్నరకు ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు బస్సెక్కాను. ఈ దారిలో నేను టికెట్టు కొని ఏళ్లయింది, ఎప్పుడూ మోటారు సైకిలు మీదే పోతాను. ఊరూరా తిరిగి కాటాలు బాగుచేయడం నా సొంత పని. ఆ తిరుగుడుకైన బండి ఖర్చు ఆదాయంలోంచి తీసేసి పన్ను కట్టాను. ఎప్పుడు, ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు పోయావో ఆధారం చూపమని నోటీసొచ్చింది. చూపకపోతే పన్ను, వడ్డీ కలిపి కట్టాలి. కట్టాలంటే అమ్ముకోవడానికి నాకున్నది ఆ బండే.

తప్పు నాదే. అమ్మేటప్పుడు ధర పలకాలని మావైపు చాలామంది ఏడాది తిరగ్గానే బండి మీటరు తీగ పీకేస్తారు. నేనూ పీకేశాను. దాచిన పెట్రోలు చీటీల్లో అక్షరాలు ఎండకు ఎగిరిపోయాయి.

జమ్మలమడుగులో ఉగ్గాని, బజ్జీ తిని, నేను వచ్చిపోయినట్టు ఆధారమేదైనా దొరుకుతుందేమోనని ఎనిమిదికి ఎరువుల అంగడి తెరిపించాను. "నువ్వు రాకుంటే నా కాటా నడుస్తాదా మామా? కాగితం కావాలంటే పాత తేదీలేసి ఇప్పుడే రాసిస్తా" అన్నాడు అంగడాయన. దొంగ కాగితం తెస్తే ఇంకా మునుగుతావని ఆడిటరు ముందే చెప్పాడు. వద్దన్నాను.

పులివెందుల బస్సులో పక్క సీటు గొర్రెల కాపరి నా గోడు విని నవ్వాడు. "గొర్రెల ఎనకాల నేనెంత దూరం నడిచినానో యెవురు రాసినారప్పా?"

పదిన్నరకు పులివెందుల చీనీకాయల మండీ చేరాను. గేటు దగ్గర పుస్తకముంది. వాచ్‌మన్ తెరిచి చూపించాడు. ప్రతి నెలా నా బండి నంబరు, తేదీ, నా సంతకం! ప్రాణం లేచొచ్చింది. చివరి గడిలో మీటరు అంకె కూడా రాశాడు. మూడేళ్ల కిందట 9214. పోయిన నెలా 9214.

"ఊరోళ్ల కాటాలు సరిచేస్తాండావు, నీ మీటరు సూసుకోల్యా మామా?" అన్నాడు.

ఈ పుస్తకం చూపిస్తే, బండి కదల్లేదని నేనే సాక్ష్యం చెప్పినట్టు. ఫోటో కూడా తీసుకోలేదు. ఏడుపొచ్చింది.

పన్నెండింటికి తిరుగు బస్సు. అన్నం తినబుద్ధి కాలేదు. నాలాగా సొంత పనికి తిరిగేవాళ్లెవరైనా ఇది చదివితే, ముందు ఆ తీగ తగిలించుకోండి. ఎర్రగుంట్ల దాటాక, తెలిసినాయన ఒకరికి ఫోన్ చేసి నా బండి అమ్మకానికుందన్నాను. "ఎంత తిరిగింది?" అన్నాడు. చెప్పాను.

"తొమ్మిది వేలేనా! రేపే వస్తా" అన్నాడు.

ఆధారం అడగకుండా నమ్మినవాడు అతనొక్కడే.