కళ్లలోకి చూస్తేగానీ కదలని బాబాయ్

మా గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే బాబాయ్‌కి ఒకటే జబ్బు. బండి దగ్గర్లో ఎవరైనా కనిపిస్తే చాలు, ఆపేస్తాడు. ఆ మనిషి తలెత్తి, ఆయన కళ్లలోకి చూసి, చెయ్యి పైకెత్తితే తప్ప అంగుళం కదలడు. హారన్ మాత్రం చచ్చినా కొట్టడు.

బాబాయ్ అంటే నా సొంత బాబాయ్ కాదు, గోడౌన్ మొత్తానికీ బాబాయే. నేను అక్కడ సరుకు సరిచూసే గుమాస్తాని, పుట్టు పిరికివాణ్ని. ఆ బండన్నా, దాని ముందు పొడుచుకొచ్చిన రెండు ఇనుప కమ్మీలన్నా నాకు హడల్. నాలాంటివాడికే ఆయన భయం అతిగా అనిపించేదంటే చూసుకోండి.

"బాబాయ్, గోడకి అతుక్కుపోయి ఉన్నాను. ఇక వెళ్లు!"

"చూడు."

"చూశానుగా!"

"నువ్వు చూసింది బండిని. నా కళ్లు చూడు."

చూసేవాణ్ని.

"చెయ్యేదీ?"

చేతిలో అట్టపెట్టెలుంటే వాటిని కింద పెట్టి మరీ ఎత్తాల్సి వచ్చేది.

ఇంట్లోనూ ఇదే వరస. ఒకసారి భోజనానికి పిలిస్తే వెళ్లాను. నీళ్ల బకెట్ పట్టుకుని వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు. లోపల పిన్ని పొయ్యి దగ్గరుంది.

"చెయ్యెత్తించుకోనిదే గడప దాటడు నాయనా. ఈమధ్య మరీ ముదిరింది" అంటూ పిన్ని గరిటె ఎత్తింది.

"గరిటె చెల్లదు" అన్నాడు బాబాయ్.

ఆ తర్వాత పెరట్లో పిల్లి అడ్డంగా పడుకుని ఉంది. దానికి చెయ్యెత్తడం రాదు కాబట్టి అది నిద్ర లేచేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

గోడౌన్‌లో ఈ తతంగం చూసి నవ్వనిది ప్యాకింగ్ అక్క ఒక్కతే. మూల మలుపు దగ్గర బల్ల వేసుకుని, దారికి వీపు పెట్టి పెట్టెలకి టేపు వేస్తుండేది. పిలిస్తే పలికేది కాదు. పొగరనుకునేవాళ్లం. బాబాయ్ ఆవిడ వెనక బండి ఆపి ఓపిగ్గా ఎదురుచూసేవాడు. కాసేపటికి ఆవిడ వెనక్కి తిరిగి, నవ్వి, చెయ్యెత్తేది.

చివరికి సూపర్‌వైజర్‌కి ఒళ్లు మండింది. బయట లారీలు బారులు తీరి ఉన్నాయి.

"ఏమయ్యా, ప్రతి మనిషీ నీకు దర్శనమివ్వాలా? హారన్ కొట్టు, పో!"

"భయం సార్."

"భయపడేవాడికి బండెందుకు? తాళాలిటివ్వు."

తాళాలు కొత్త డ్రైవర్‌కి వెళ్లాయి. బాబాయ్‌ని పెట్టెలు పేర్చే పనిలో వేశారు. ఆయన చేతులు పెట్టెల మీద ఉన్నా చూపంతా మూల మలుపు మీదే ఉంది.

కొత్తవాడు చెవులు చిల్లులు పడేలా హారన్ కొడుతూ తిరిగాడు. మేమంతా బల్లుల్లా గోడలకి కరుచుకుపోయాం. మధ్యాహ్నం వాడు కళ్లకి అడ్డంగా పెట్టెలు ఎత్తుకుని మూల తిరిగాడు. సరిగ్గా అప్పుడే అక్క చేతిలోని టేపు దొర్లిపోయింది. దానికోసం ఆవిడ దారిలోకి వచ్చి వంగింది. హారన్ మోగింది. లేవలేదు. మళ్లీ మోగింది. లేవలేదు.

అప్పుడర్థమైంది, ఆవిడకి వినపడదని. అరవబోయాను. అరిచినా ఆవిడకేం లాభం?

బాబాయ్ పక్కనుంచి పరిగెత్తుకొచ్చి, డ్రైవర్‌కి కనిపించేలా రెండు చేతులూ ఎత్తి, "ఆపరా!" అని గావుకేక పెట్టాడు. బండి కీచుమంటూ ఆగింది. పై పెట్టెలు పక్కకి జారి, అటుగా వస్తున్న సూపర్‌వైజర్ కాళ్ల ముందు దబదబా పడ్డాయి. అక్క అప్పుడు తలెత్తి, ఎదురుగా ఉన్న కమ్మీలు చూసి పాలిపోయింది.

"ఏం... ఏం జరిగింది?" సూపర్‌వైజర్ గొంతు పీలగా వచ్చింది.

నేను దగ్గరికెళ్లి నోరు తెరిచాను. బాబాయ్ నా కాలు తొక్కాడు.

"తప్పు నాదే సార్. హారన్ వింటే నాకు దడ. తట్టుకోలేక అడ్డం పడ్డాను."

సూపర్‌వైజర్ పెట్టెల వంక చూశాడు, తన కాళ్ల వంక చూసుకున్నాడు. చెమట తుడుచుకుని తాళాలు బాబాయ్ చేతిలో పెట్టాడు.

"ఇకనుంచి ఏ డ్రైవరైనా సరే, ఎదుటి మనిషి చూసి చెయ్యెత్తాకే బండి కదలాలి" అన్నాడు.

సాయంత్రం బాబాయ్‌ని పట్టుకున్నాను.

"ఆవిడకి వినపడదని నీకు ముందే తెలుసు కదూ?"

"మెల్లగా మాట్లాడరా! ఒకసారి వెనకనుంచి హారన్ కొట్టాను, కదల్లేదు. జానెడు దూరంలో ఆపాను. ఆరోజునుంచి హారన్ ముట్టుకోలేదు. బయటపెడితే పనిలోంచి తీసేస్తారు. ఆవిడ జీతంతోనే ఆ ఇల్లు నడుస్తోంది. పోనీ ఆవిడ దగ్గరొక్కచోటే ఆగితే అందరికీ తెలిసిపోదూ? అందుకే అందరి దగ్గరా ఆగుతున్నాను."

"మరి ఇంట్లో పిన్ని దగ్గరెందుకు?"

"మీ పిన్నీ ఆవిడా ఒకే కూరల కొట్టుకి వెళ్తారు. ఎక్కడైనా నేనింతే అని మీ పిన్ని చెబితే ఆవిడ నమ్మాలి కదా!"

"పిల్లి?"

"అది అలవాటైపోయిందిరా" అని తల గోక్కున్నాడు. "ఆవిడతో మాత్రం అనకు. మనకి తెలుసని తెలిస్తే చిన్నబుచ్చుకుంటుంది."

గేటు దగ్గర అక్క నాకోసమే ఆగి ఉంది. నా ముఖానికి ఎదురుగా నిలబడి, రహస్యమనుకుంటూనే గట్టిగా అంది:

"తమ్ముడూ, ఒకటి చెబుతాను, బాబాయ్‌గారితో అనకు. పాపం, ఆయనకేదో భయం జబ్బు. ఎవరైనా చెయ్యెత్తి ధైర్యం చెబితేగానీ బండి నడపలేడు. నేనెప్పుడో కనిపెట్టాను. అందుకే ఎంత పనిలో ఉన్నా మధ్యమధ్యలో వెనక్కి తిరిగి చూస్తుంటాను. రేపట్నించి నువ్వు కూడా విసుక్కోకుండా కాస్త నవ్వుతూ ఎత్తు. ఆయన్ని మనం కాకపోతే ఎవరు చూసుకుంటారు?"

"సరేనక్కా" అన్నాను నెమ్మదిగా, ఒక్కో అక్షరం పెదాల మీద కనబడేలా.