కప్పు పోగొట్టుకున్న బోల్టప్ప

ఆ రోజుల్లో మా ఆదోనిలో బంతి అంటే జడలో పెట్టుకునే పూవు, కాకుంటే పెళ్లిలో కూర్చుని తినే వరుస. కాలితో తన్నే బంతి ఒకటి ఉందని, దాన్ని ఒక ఊరివాళ్లు ఇంకో ఊరికి పోయి తన్ని వస్తారని, ఆ తన్నులను బట్టి మా ఇంట్లో అన్నం సహించడం, సహించకపోవడం ఉంటుందని ఎవరైనా చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. (మూడో తరగతితో ఆగిపోయినా, ఏది చెబితే అది నమ్మే మనిషిని కాదని అప్పట్లో నా మీద నాకు గట్టి నమ్మకం.)

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు. హాలహర్వి పక్క పల్లె నుంచి కాపురానికి వచ్చి ఏడాది. మా ఇంటాయన పత్తి మిల్లులో ఫిట్టరు. మిల్లు షావుకారు పత్తిగింజల నూనె తీసే కొత్త మిషన్ ఒకటి జర్మనీ నుంచి తెప్పించాడు. దాన్ని బిగించడానికి ఆ దేశం మనిషి ఒకాయన కూడా వచ్చాడు. ఆయన పేరు ఎవరికీ నోరు తిరగలేదు గనక హమాలీలు బోల్టప్ప అని పెట్టారు; పిలిస్తే ఆయనా పలికేవాడు. షావుకారు ఇంట్లో కోడిగుడ్డు గడప దాటదు, బోల్టప్పకు గుడ్డు లేకుంటే పొద్దు గడవదు, కాబట్టి ఆయన తిండి మా ఇంటి మీద పడింది. నేను జొన్నరొట్టె కాల్చి, గుడ్డు కూర చేసి పెట్టేదాన్ని. పూటకు మూడు రొట్టెలు.

షావుకారు మా ఇంటాయనతో ఒక మాట అన్నాడు. "ఉగాదికి మిషన్ తిరగల్లప్పా. అంతలోపల నేర్చుకుంటివా, దానికి నువ్వే డ్రైవరు. లేకుంటే బొంబాయి నుంచి మనిషిని పిలిపిస్తా." బోల్టప్ప నేర్పేవాడే, కానీ ఒక తిరకాసు ఉంది. ప్రతి గురువారం ఆయనకు పోస్టులో వాళ్ల ఊరి పేపరు వచ్చేది, ఎప్పుడో నెల కిందటిది. అందులో వాళ్ల ఊరి బంతాటవాళ్లు గెలిచి ఉంటే మా ఇంటాయన చేతికి పానా ఇచ్చి, పక్కన నిలబడి, ఒక్కొక్క నట్టూ ఆయన చేతనే తిప్పించేవాడు. ఓడి ఉంటే మిషన్ గదికి లోపల గడియ పెట్టుకుని ఒక్కడే పని చేసుకునేవాడు. మళ్లీ గురువారం దాకా అంతే. అంటే మా ఇంటాయన డ్రైవరు కావడం, కాకపోవడం అనేది సముద్రాల అవతల నేను ముఖం ఎరగని పదకొండు మంది కాళ్లలో ఉండింది. నేను ఉరుకుంద ఈరన్నకు టెంకాయ మొక్కుకున్నాను. ఎవరి తరఫున మొక్కుకుంటున్నానో స్వామికి అర్థమయ్యేటట్టు చెప్పడానికి చాలాసేపు పట్టింది.

మాటలు అటూ ఇటూ మోయడానికి మిల్లు గుమాస్తా ఉండేవాడు. ఎనిమిది పాసై, ఇంగ్లీషు అచ్చం దొరల మాదిరే మాట్లాడేవాడు, అంటే మాకెవరికీ అర్థమయ్యేది కాదు. వాళ్ల ఆటలు రెండు రకాలని ఆయనే చెప్పాడు. "ఒకటి వాళ్ల దేశంలో ఊర్లతోనేనమ్మా. ఇంగోటి బయటి దేశాలోళ్లతో. వాళ్లతో రెండు తూర్లు ఆడల్ల. ఒక తూరి వాళ్లు వీళ్లూరికొస్తారు, ఇంగో తూరి వీళ్లు వాళ్లూరికి పోతారు."

"మన పెండ్లి మాదిరే," అన్నది మా అత్త. "ఈడ తలంబ్రాలు, ఆడ మెరవణి."

ఆ చలికాలమంతా సొంత దేశం ఆటల్లో ఒక వారం గెలుపు, ఒక వారం ఓటమి. మా ఇంటాయన చదువు కూడా ఒక వారం సాగి ఒక వారం ఆగేది. బయటి దేశాల వాళ్ల మీద మాత్రం గెలుస్తూ పోయారు. ఇంగ్లాండు వాళ్లను కొట్టారని తెలిసిన గురువారం బోల్టప్ప ఆరు రొట్టెలు తిన్నాడు. (ఆ రోజు మా అత్త కూడా ఒక రొట్టె ఎక్కువే తిన్నది. స్వతంత్రం వచ్చి పదేళ్లు దాటినా ఆమెకు వాళ్ల మీద కోపం పోలేదు.)

ఉగాది ఇంక పన్నెండు రోజులుందనగా, గురువారం కాని రోజున ఒక ఉత్తరం వచ్చింది. వాళ్లక్క రాసిందట. బోల్టప్ప అది చదివి, మడిచి జేబులో పెట్టుకుని, షావుకారు ఇచ్చిన గదిలోకి పోయి పడుకున్నాడు. రొట్టెలకు రాలేదు. మరునాడూ రాలేదు. మిషన్ సగం నేల మీద, సగం దిమ్మె మీద ఉండిపోయింది. మా ఇంటాయన ముఖం చూడలేక మా అత్త గుమాస్తాను మా గడపలోనే నిలేసింది.

"ఏమప్పా, ఏమైందంట ఆయప్పకు?"

"కప్పు పోయిందంటమ్మా."

మా అత్త గుండె మీద చేయి వేసుకుంది. "అయ్యో. ఎట్ల పోయింది?"

"స్పెయిన్ దేశమోళ్ల చేతిలో పోయిందంట."

"ఎత్తుకోని పోయినారా?"

"అంతే అనుకో."

"ఆడ మగోళ్లు లేరా?"

"పదకొండు మంది ఉండారమ్మా. నిలబెట్టలేకపోయినారు."

గుమాస్తా వెళ్లిపోయాక మా అత్త కాసేపు ఆలోచించింది. "మిద్దె అయ్యుండదు లేమ్మే. మిద్దెనెట్ల ఎత్తుకోని పోతారు. రేకులే," అని తేల్చింది. నాకూ అది సబబుగానే తోచింది. బయటి దేశాల వాళ్లు వాళ్ల ఊరికి వచ్చిపోతుంటారని గుమాస్తా ముందే చెప్పాడు. వచ్చినప్పుడు చూసిపెట్టుకుని ఉంటారు. (కప్పు అంటే టీ కప్పు కూడా అని నాకు తెలియక కాదు. టీ కప్పు పోతే రెండు రోజులు ఎవరు పడుకుంటారు?)

మా వైపు వానకో నిప్పుకో ఎవరింటి కప్పు పోయినా, వీధిలో ఇంటికొక వస్తువు ఇచ్చి మళ్లీ నిలబెట్టడం ఆచారం. ఒకరు వాసం ఇస్తే ఇంకొకరు మిద్దె మీద పరిచే చౌడుమన్ను ఇస్తారు. మా అత్త కొంగు బిగించి వీధంతా తిరిగింది. "పాపం ఆయప్ప ఈడ పడుండాడు, ఆడ ఇంటి మీద కప్పు లేదంట," అంటే లేదన్నవాళ్లు లేరు. మర్నాటికి మా వాకిట్లో రెండు వాసాలు, నాలుగు రేకులు, ఎనిమిది గంపల చౌడు చేరాయి. మా అత్త తమ్ముడు ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు; ఆయన సంగతి విని, ఆ దేశంలో చలి ఎక్కువంట కదా అని రెండు దుప్పట్లు తీసుకుని బస్సు దిగాడు.

అన్నీ ఎద్దులబండికి ఎత్తి బోల్టప్ప గది ముందు నిలిపాము. ఆయన గడ్డం పెరిగిన ముఖంతో బయటికి వచ్చాడు. మా అత్త గుమాస్తాను ముందుకు తోసింది. "సెప్పప్పా. రేకులు తుప్పు లేనివే. సముద్రం మీద పోతే చౌడు తడుస్తాదేమో అడుగు."

గుమాస్తా బండిని చూశాడు, మా అత్తను చూశాడు. చివరికి ఇంటి పైకప్పు వైపు వేలు చూపి, తర్వాత టీ తాగినట్టు చేయి నోటి దగ్గర పెట్టుకుని, మళ్లీ పైకి చూపి, ఏదో చెప్పాడు. నిజమే చెప్పి ఉంటాడు, బోల్టప్ప రెండోసారి అడిగి చెప్పించుకున్నాడు.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. బండి దగ్గరికి వచ్చి రేకును వేలితో తట్టాడు. దుప్పటి అంచు పట్టుకుని చూశాడు. చక్రం మీద చేయి ఆనించి తల వంచుకుని నిలబడి, గుమాస్తాతో మెల్లగా నాలుగు మాటలు చెప్పాడు.

"ఏమంటాడప్పా?"

"యుద్ధంలో వాళ్లింటి కప్పు నిజంగానే పోయిందంటమ్మా. బాంబు పడి. అప్పుడు ఒక్కరూ ఒక రేకు కూడా తేలేదంట."

"సూస్తివా," అని మా అత్త నా వైపు తిరిగింది. "రేకులేనని నేను సెప్తి."

బోల్టప్ప ఒక దుప్పటి భుజాన వేసుకుని అట్నే మిల్లుకు నడిచాడు. తర్వాత మిషన్ గదికి గడియ పడలేదు. గురువారం వచ్చిన పేపరును కూడా విప్పకుండా కిటికీలో పెట్టాడు. ఉగాది నాడు మా ఇంటాయనను స్విచ్చి దగ్గరికి తోసి, తాను చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. మిషన్ తిరిగింది. బొంబాయి మనిషి రాలేదు.

నెల తిరక్కుండా బోల్టప్ప వాళ్ల దేశం పోయాడు. పేపరు మాత్రం ఆగలేదు, కొన్ని గురువారాలు వస్తూనే ఉండింది. మిల్లులో ఎవరికీ అక్కర్లేక మా ఇంటాయన ఇంటికి తెచ్చేవాడు. ఆ అక్షరాలు నాకు రావు గానీ అంకెలు అన్ని దేశాల్లో అవే. వాళ్ల ఊరి పేరు ఎట్లా ఉంటుందో ఆకారం గుర్తుపెట్టుకుని, పక్కనున్న అంకె పెద్దదా చిన్నదా అని వెతికేదాన్ని. ఆ పేరు ముందుంటే ఆట వాళ్ల సొంతూర్లోనని గుమాస్తా చెప్పిపెట్టాడు. మా పని అయిపోయింది, ఇంక ఆ పదకొండు మంది గెలిస్తే మాకు వచ్చేది లేదు, ఓడితే పోయేది లేదు.

ఒక గురువారం మా ఇంటాయన కంచంలో రొట్టె తిప్పి చూశాడు. "మాడింది కదే."

"ఓడిపోయినారు," అన్నాను.

ఎవరని ఆయన అడగలేదు. "సొంతూర్లోనేనా?" అన్నాడు.

ఊ అన్నాను. ఆయన రెండో రొట్టె వద్దని లేచి చేయి కడుక్కున్నాడు. నేను పొయ్యి ముందే చాలాసేపు కూర్చున్నాను, ఏదో మా వాళ్లకే జరిగినట్టు. ఇప్పుడు తలుచుకుంటే ఆ పద్దెనిమిదేళ్ల పిల్ల పక్కన పోయి కూర్చుని, వచ్చే వారం ఇంకో ఆట ఉంటుందిలేమ్మే, లేచి నువ్వైనా ఒక రొట్టె తిను అని చెప్పాలనిపిస్తుంది.